కొండనాలుకకు మందు

మాఘ ఫాల్గుణ మాసములలో ముదిగొండ ప్రాంతమున మిరపకోతలు ముమ్మరముగా సాగునప్పుడు గొంతునొప్పి లేని యిల్లు కానరాదు. కల్లములలో ఎఱ్ఱగా పఱచిన కాయలు ఎండకు గలగలలాడుచుండును. వానిని తిరుగవేయువారును, తాలుకాయ లేరువారును, బస్తాలలో త్రొక్కువారును దగ్గుచునే పనిచేయుచుందురు. భద్రాచలమున కావలి అడవులనుండి కూలికి వచ్చు స్త్రీలు ముక్కునకు నోటికి కొంగు చుట్టుకొని దినమెల్ల కాయ కోయుదురు. సాయంకాలము ఊరి కొట్టువద్ద నిలుచుండి చూచితిమేని, బియ్యము పప్పులతోపాటు గొంతుబిళ్ళలును అమ్ముడుపోవుచుండును. అగ్గిపెట్టెల ప్రక్కననే అవియు నుండును. అడిగిన చీటి లేదు, ఇచ్చువానికి తెలిసినది లేదు. చప్పరించినచో నాలుక మొద్దుబారును, గొంతు చల్లబడును, నొప్పి తెలియదు. అంతటితో రోగము పోయినదని యందఱును తలంతురు.

మేమును అట్లే తలంచినవారమే. ఇరువదియేండ్లుగా సుద్దముక్క చేతబట్టి గొంతెత్తి పాఠములు చెప్పువారికి గొంతుబిళ్ళ జేబులో లేని దినముండదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన సంగతి యొకటి గలదు. దానిని తరువాత చెప్పెదము. ముందుగా ఈ మందుల పుట్టుపూర్వోత్తరములు విచారింతము.

కొండనాలుకకు మందువేసిన ఉన్న నాలుక ఊడినదని మన తెలుగువారి సామెత. దీనిని రాజకీయములకును వ్యాజ్యములకును వాడివాడి, ఇది మొదట వైద్యమునుండి పుట్టినదను మాట మఱచిపోయితిమి. సుశ్రుతసంహిత నిదానస్థానమున పదునాఱవ అధ్యాయములో ముఖరోగములు 65 అని లెక్కింపబడినవి. అందు 17 కంఠమునకు సంబంధించినవి. కొండనాలుక వాచి వ్రేలాడుటను గలశుండిక యని తాలురోగములలో చేర్చిరి. దానికి శస్త్రచికిత్స చెప్పుచు సుశ్రుతుడు చేసిన హెచ్చరిక మిక్కిలి గమనింపదగినది. ఎక్కువ కోసినచో నెత్తురు పోయి రోగి చచ్చును, తక్కువ కోసినచో వాపును, చొల్లు కారుటయు, తలతిరుగుడును కలుగును; కావున కొలత తెలిసినవాడే చేయవలెనని ఆయన మతము. కోసిన పిమ్మట మిరియములు, సైంధవలవణము, తేనె మున్నగువానిని అద్దుమనెను. నేటికిని మన పల్లెలలో ముసలమ్మలు పిల్లల కొండనాలుక వాలినదని చెప్పి, వ్రేలితో ఉప్పును మిరియపుపొడియు అద్ది పైకి నొక్కుట కలదు. శస్త్రము పోయినది, కొలత పోయినది, ఉప్పుమిరియములు మాత్రము మిగిలినవి. ఆ వ్రేలు కడుగబడినదా లేదా యని అడుగువారు లేరు.

వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానమున గండూషాది విధికై ఒక అధ్యాయమునే కేటాయించెను. నోటినిండ కదలింప వీలులేనంత ద్రవమును పట్టియుంచుట గండూషము. కదలించి పుక్కిలించుటకు వీలగునట్లు కొంచెముగా పట్టుట కబళము. వ్రేలితో లోపల పూయుట ప్రతిసారణము. ఈ భేదములకంటె మాకు ఎక్కువ విలువైనదిగా తోచినది ఆయన మఱియొకచోట చెప్పిన వయోనియమము. అయిదేండ్లు నిండని బిడ్డకు కబళము పనికిరాదని స్పష్టముగా చెప్పెను. నేడు అయొడిను కలిసిన పుక్కిలింపుమందు సీసాలపైన ఆఱేండ్లలోపు పిల్లలకు వలదని వ్రాయుచున్నారు. చిన్నబిడ్డకు మ్రింగకుండ పుక్కిలించి ఉమియుట తెలియదు. ఆ సంగతి నాటి వైద్యుడును కనిపెట్టెను. ప్రాచీనులు చెప్పినదంతయు శాస్త్రమే యనువారితోను, వట్టి మూఢత్వమే యనువారితోను మాకు పనిలేదు. ఇట్టి పరిశీలన యెక్కడ నున్నను గౌరవింపవలసినదే.

మొద్దుబార్చు మందులును మనవారు ఎఱుగనివి కావు. పంటినొప్పికి లవంగము కొఱుకుట ప్రతి యింట తెలిసినదే. అందలి యూజినాలు అను తైలాంశము నరముల స్పర్శను కొంతసేపు అణచును. అక్కలకర్రను నమలినచో మొదట నాలుక చిమచిమలాడి, చొల్లు విశేషముగా ఊరి, పిదప స్పర్శ తప్పును. దాని పేరు అరబ్బీనుండి వచ్చి మధ్యయుగమున సంస్కృత వైద్యగ్రంథములలో ఆకారకరభ మను రూపమున చేరినది. ఆ మొక్క జన్మస్థానము ఉత్తర ఆఫ్రికా ప్రాంతము. భద్రాచలపు అడవులలో విరివిగా దొరకు కరక్కాయ, తానికాయ పెచ్చులు మొద్దుబార్పవు. అవి వగరు. బుగ్గన పెట్టుకొని రసము మెల్లగా మ్రింగుచుండిన గొంతు తడియారకుండును. మిరపఘాటుచే రేగిన గొంతునకు కావలసినది చాలమట్టుకు అదియే. అక్కడ చంపవలసిన సూక్ష్మజీవి లేదు గనుక క్రిమిసంహారక మందుతో పనిలేదు. గోరువెచ్చని ఉప్పునీరును, మూతికి తడిగుడ్డయు, ఒకటి రెండు దినముల విశ్రాంతియు చాలును. కాని కూలివానికి విశ్రాంతి అను మందు ఏ కొట్టునను దొరకదు.

పాశ్చాత్యదేశములలో గొంతువైద్యము మనకంటె మేలుగా నుండెనని యెవరును అనుకొనరాదు. అమెరికా ప్రథమాధ్యక్షుడైన జార్జి వాషింగ్టను 1799 డిసెంబరు 14వ తేదీన గొంతువాపుతో మరణించెను. బెల్లపుపాకము, సిర్కా, వెన్న కలిపి మ్రింగుమని యిచ్చిరి. అది గొంతు దిగక ఆయన ఊపిరాడక కొట్టుకొనెను. నెత్తురు తీసిరి. మెడకు పొక్కులు లేపు మందు వేసిరి. ముగ్గురు వైద్యులలో చిన్నవాడైన డిక్ అనునతడు మెడయందు గాలిగొట్టమునకు రంధ్రము చేయుదమనగా పెద్దలు సమ్మతింపరైరి. పందొమ్మిదవ శతాబ్దమున గొంతునొప్పికి పొటాసియం క్లోరేటు అను లవణము మహౌషధముగా వ్యాపించెను. అగ్గిపుల్లల తలలలో వాడునదియు అదియే. పుక్కిలించువారు కొందఱు, మ్రింగువారు కొందఱు. న్యూయార్కునందలి బాలవైద్యుడు అబ్రహాం జకోబీ మొదట తానును దానిని వాడి, పిదప ప్రాణహానిని గమనించి 1879లో దానినిగూర్చి గట్టిగా హెచ్చరించెను. ఆ లవణము నెత్తురులోని ఎఱ్ఱని పదార్థమును మార్చివేసి ప్రాణవాయువును మోయు శక్తిని పోగొట్టును. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ఇది మరల వచ్చును.

1884వ సంవత్సరము గొంతు చరిత్రలో విచిత్రమైనది. ఆ యేట జర్మనీయందు లోఫ్లరు అను శాస్త్రజ్ఞుడు డిఫ్తీరియా, అనగా కంఠసర్పి, అను రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని వేఱుచేసి చూపెను. ఆ యేటనే వియన్నా నగరమున కార్ల్ కోలరు అను యువవైద్యుడు కొకెయిను ద్రావకముతో కంటిని మొద్దుబార్చి నొప్పి లేకుండ శస్త్రము చేయవచ్చునని కనిపెట్టెను. అదే నగరమున యెలినెక్ అనునతడు దానిని వెంటనే గొంతునకు ప్రయోగించెను. గొంతు ఎట్లు ప్రాణము తీయునో ఒకరు తెలిసికొన్నారు. గొంతును ఎట్లు నోరుమూయింపవచ్చునో మఱియొకరు తెలిసికొన్నారు. లోకము రెండవదానిని మొదటిదానికంటె వేగముగా అందుకొనెను. కొన్ని యేండ్లలోనే కొకెయిను బిళ్ళలు, పంటినొప్పి చుక్కలు అంగళ్లలో అమ్ముడుపోయెను, పసిపిల్లలకును వాడిరి. అది వ్యసనమునకు దారితీయునని తెలియుటకు మఱికొంతకాలము పట్టెను.

కొకెయినునకు మాఱుగా వచ్చినవానిలో బెంజొకెయినును జర్మనీ దేశీయుడైన ఎడ్వర్డు రిట్సెర్టు 1890లో తయారుచేసెను. అది నీటిలో సరిగా కరుగదు. ఇంజెక్షనుకు పనికిరాని ఆ దోషమే బిళ్ళకు గుణమైనది. గొంతు పైపొరమీదనే నిలిచి మొద్దుబార్చును. లిడొకెయినును స్వీడను దేశమున నీల్స్ లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్టు అనువారు 1943లో తయారుచేసిరి. 1948లో అది అంగడికెక్కెను. దాని పూర్వరూపమును నాలుకపై రుచి చూచినప్పుడు నాలుక మొద్దుబారుటచేతనే శాస్త్రజ్ఞులకు ఆ జాతి పదార్థములయందు ఆసక్తి కలిగెనందురు. నేటి గొంతుబిళ్ళలలో, గొంతున చల్లు మందులలో ఈ రెండింటిలో ఏదో యొకటి తఱచుగా కానవచ్చును.

స్పర్శ పోగొట్టు మందులను గూర్చి మన దేశమున జరిగిన గొప్ప విచారణ మన హైదరాబాదునందే జరిగినదను సంగతి మన పిల్లల చరిత్రపుస్తకములలో లేదు. 1885లో రెసిడెన్సీ సర్జనుగా వచ్చిన ఎడ్వర్డు లారీ హైదరాబాదు వైద్యపాఠశాల కధిపతిగా నుండి క్లోరోఫారము వాడుకను శిష్యులకు నేర్పెను. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ధనసహాయముతో 1888లో ఒకటి, 1889లో మఱియొకటి క్లోరోఫారము కమీషనులు కూర్చొనెను. రెండవదానికి లండను లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటను అను ప్రసిద్ధవైద్యుడు వచ్చెను. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారము ఇచ్చు పనియందు ప్రసిద్ధికెక్కెను. ప్రపంచమున ఆ విద్య నభ్యసించిన తొలి స్త్రీలలో ఆమెను లెక్కింతురు. వందలకొలది జంతువులపై పరీక్షించి కమీషను తేల్చినదేమనగా, క్లోరోఫారము గుండెను గాక ముందు ఊపిరిని ఆపును, కావున ఇచ్చువాడు ఎప్పుడును ఊపిరినే కనిపెట్టి చూడవలెనని. ఈ తీర్పులో సగమే నిజము. 1911లో లెవీ అను ఆంగ్లవైద్యుడు క్లోరోఫారము గుండెను నేరుగా ఆపగలదని నిరూపించెను. తీర్పు తప్పినను లారీ నేర్పిన అలవాటు తప్పుకాలేదు. స్పర్శ పోగొట్టువాడు ఊపిరిని చూడవలెను. గొంతుబిళ్ళ ఇచ్చు తల్లికిని ఈ మాట వర్తించును.

ఎట్లనగా, బెంజొకెయిను కొందఱి నెత్తురులో సరిగా పొటాసియం క్లోరేటు చేసిన పనినే చేయును. నెత్తురు చాక్లెట్టు రంగునకు తిరుగును. పెదవులు, గోళ్లు నీలివర్ణము లగును, ఆయాసము, తలనొప్పి, మగత కలుగును. ఇది అరుదు. కాని మొదటిసారి వాడినప్పుడును రావచ్చును, పసిపిల్లలకు అపాయ మధికము. అమెరికా ఔషధాధికారులు 2006లోను, 2011లోను హెచ్చరించి, 2018 మేనెలలో రెండేండ్లలోపు బిడ్డలకు నోటిలో బెంజొకెయిను వాడనేరాదని శాసించిరి. పండ్లు మొలచు బిడ్డ చిగుళ్లకు చిక్కని లిడొకెయిను ద్రావకము పూయుటవలన మూర్ఛలు, గుండెచేటు కలిగినవని 2014లోనే చెప్పియుండిరి. నీలిమ కనబడినప్పుడు ఇంటివైద్యముతో కాలము పుచ్చక ఆసుపత్రికి పరుగెత్తవలెను. అక్కడ దానికి విఱుగుడు కలదు.

మొద్దుబారిన గొంతునకు మఱియొక అపాయము కలదు. మ్రింగుడు సరిగా తెలియదు. అన్నపు మెతుకు, నీరు గాలిగొట్టములోనికి పోవచ్చును; కాఫీ నాలుకను కాల్చినను తెలియదు. అందుచే బిళ్ళగాని చల్లుమందుగాని వాడిన పిమ్మట స్పర్శ మరలువఱకు, ఇంచుమించు ఒక గంట, ఏమియు తినక త్రాగక యుండుట మేలు. బిళ్ళను నోటనుంచుకొని నిద్రపోరాదు. ఆఱేండ్లలోపు పిల్లలకు బిళ్ళయే గొంతున అడ్డుపడు వస్తువు. పెట్టెమీద వ్రాసిన లెక్కకు మించరాదు. మధుమేహ మున్నవారు అందులో చక్కెర గలదని మఱువరాదు.

ఇక క్రిమిసంహారకముల సంగతి. 1865లో గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు కాలు విఱిగిన పదునొకండేండ్ల బాలుని పుండుకు కార్బాలికామ్లము వేసి కుళ్లకుండ మాన్పెను. పుండునకు చెల్లినది గొంతునకేల చెల్లదని లోకము తలంచెను. 1811లో కూర్త్వా సముద్రపునాచు బూడిదనుండి కనుగొన్న అయొడినును గ్లిసరినుతో కలిపి మాండలు అను వైద్యుని పేర గొంతుపెయింటుగా చేసిరి. దూదిచుట్టిన పుల్లతో దానిని గొంతున పూయించుకొని ఓకరించిన జ్ఞాపకము మా వయసువారిలో చాలమందికి కలదు. 1955 ప్రాంతమున వచ్చిన పొవిడోను అయొడిను మంట తక్కువది. నేటి పుక్కిలింపుమందు అదియే. బిళ్ళలలో అమైల్‌మెటాక్రెసాలు, డైక్లోరోబెంజైల్ ఆల్కహాలు అనునవి ప్రసిద్ధములు.

ఇవి సీసాలోని సూక్ష్మజీవులను చంపుట నిజము. గొంతున ఇవి నిలుచునది కొన్ని నిమిషములు. శత్రువు దాగినది గవదల మడతల లోపల. 2005లో జపానుదేశమున 387 మంది ఆరోగ్యవంతులతో ఒక పరీక్ష జరిగినది. దినమును మాటిమాటికి మంచినీటితో పుక్కిలించినవారికి జలుబు గొంతునొప్పులు తగ్గినవి. అయొడినుతో పుక్కిలించినవారికి ఆ మేలు కనబడలేదు. కావున ఈ మందులు నొప్పికి కొంత ఉపశమనము, నోటికి కొంత శుభ్రత, అంతకు మించి కావు. థైరాయిడు వ్యాధి యున్నవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు వైద్యు నడుగక అయొడిను పుక్కిలింపరాదు. నీటితో ఎంత పలుచన చేయవలెనో సీసామీద నుండును, అట్లే చేసి అరనిమిషము పుక్కిలించి ఉమిసివేయవలెను. పదునాలుగు దినములకు మించి తమంతట తాము వాడరాదు.

ఇప్పుడు మా సంగతి చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట కోతల కాలమున మా తరగతి బాలు డొకడు గొంతు పట్టుకొని కూర్చుండెను. ఒళ్లు వెచ్చగా నుండెను, దగ్గు లేదు. తల్లి మిరపకూలికి పోవునది. వాడును సెలవుదినముల పోవుచుండెను. ఘాటుచేత వచ్చినదని మేము నిశ్చయించితిమి. మా జేబులోని మొద్దుబార్చు బిళ్ళలు తీసి యిచ్చితిమి, అయిపోగా మఱల కొనియిచ్చితిమి. నాలుగవనాడు వాని తల్లి బడివద్దకు వచ్చి, “మీ బిళ్ళతోని పిల్లగాడు మంచిగ అన్నం తిన్నడు సారూ” అని కృతజ్ఞత చెప్పెను. మాకును సంతోషమే కలిగెను. మూడువారములకు వాని మోకాలు వాచెను. అది తగ్గునంతలో రెండవ కాలి చీలమండ వాచెను. ఖమ్మములో చూపింపగా వైద్యుడు గుండెపై గొట్టముంచి చాలసేపు విని, కీళ్ల మాట విడిచి, “నెల లోపల వీనికి గొంతునొప్పి వచ్చినదా?” యని అడిగెను. మేము తల వంచుకొంటిమి.

అది స్ట్రెప్టోకాకసు అను సూక్ష్మజీవి తెచ్చిన గొంతునొప్పి. పిల్లల గొంతునొప్పులలో నాలుగింట ఒకటి ఇట్టిది కావచ్చును. తక్కినవి చాలవఱకు తమంతట తామే తగ్గునవి. ఆ నొప్పియు తగ్గును. కాని శరీరము దానిపై చేసిన యుద్ధము కొందఱిలో పొరబడి కీళ్లను, గుండె కవాటములను కొట్టును. దానినే రుమాటిక్ జ్వర మందురు. 1950 ప్రాంతమున అమెరికాలో వ్యోమింగు సైనికస్థావరమున చేసిన పరీక్షలలో ఇట్టి గొంతునొప్పికి పెన్సిలిను ఇచ్చినచో ఆ జ్వరము రాకుండ ఆపవచ్చునని తేలెను. నొప్పి పుట్టిన తొమ్మిదవ దినమున మొదలిడినను ఫలించునట. తొమ్మిది దినములు! ఆ తొమ్మిది దినములును మేము బిళ్ళలు కొనియిచ్చుచుంటిమి. నొప్పి యనునది కావలివాడు. వాని నోరు నొక్కి దొంగను పోనిచ్చితిమి.

అట్లని ప్రతి గొంతునొప్పికి పెన్సిలిను మ్రింగుటయు తప్పే. 1981లో సెంటరు అను అమెరికా వైద్యుడు చెప్పిన గుర్తులు తల్లిదండ్రులకును తెలియదగినవి. జ్వరముండుట, దగ్గు లేకుండుట, మెడముందు గ్రంథులు వాచి నొచ్చుట, గవదలమీద చీము తెల్లగా కనబడుట. ఇందు రెండు మూడున్నచో బిళ్ళ మానిపించి వైద్యునికి చూపవలెను. మాకు ఆనాడు ఒళ్లు వెచ్చనయు, దగ్గు లేమియు తెలియుచునే యున్నవి. నోరు తెఱిపించి దీపముతో చూచియుండిన మూడవదియు కనబడియుండునేమో. బిడ్డ చొల్లు కార్చుచు మ్రింగలేకుండుట, మాట ముద్దగా వచ్చుట, ఊపిరి గురగుర లాడుట కానవచ్చినచో ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను.

బూడిదవన్నె పొర గొంతున కనబడుట కంఠసర్పి గుర్తు. సుశ్రుతుడు రోహిణి యని వర్ణించి, గొంతునడ్డి ప్రాణము తీయునని చెప్పిన రోగము ఇదియే యని చాలమంది పండితుల మతము. 1890లో బేరింగు, కిటసాటోలు విఱుగుడు కనుగొనిరి. 1923లో రామో టీకా సిద్ధపఱచెను. ఇది పోయిన రోగమని చదువరులు అనుకొనరాదు. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రికి, మనవారు కోరంటి దవాఖాన యని పిలుచుదానికి, టీకా పూర్తికాని పిల్లలు ఈ రోగముతో వచ్చిన సందర్భములు ఈ శతాబ్దమునను కలవు. పసితనపు టీకాలతో నిలువక అయిదాఱేండ్లకును, పదింటికిని, పదునాఱింటికిని వేయవలసినవి కలవు. అడవిపల్లెలనుండి కోతలకు వలసవచ్చు కుటుంబములలో ఆ లెక్క తప్పుట సులభము.

ఆ బాలు డిప్పుడు ఖమ్మములో ఇంటరు చదువుచున్నాడు. పరుగెత్తిన ఆయాసము వచ్చును. 21 దినముల కొకసారి పెన్సిలిను సూది వేయించుకొనవలెను, అది ఇంకను చాల యేండ్లు. వాని తల్లికి చదువు రాదు. ప్రతి సూదికిని గోడమీద బొగ్గుతో ఒక అడ్డగీతయు, గడచిన దినములకు నిలువుగీతలును గీచి లెక్క పెట్టుచున్నది. ఇంతవఱకు ఆమె లెక్క ఒక్కమాఱును తప్పలేదు. మేము జేబులో బిళ్ళలు మోయుట మానితిమి. బడి అలమారులో ఒక చేతిదీపమును, ఒక ఉప్పుడబ్బాయు ఉంచితిమి.